పట్టాలు లేచిపోయిన నేలకు పట్టా ఎవరిది? ఒక భాగపంపకం సర్వే కేసు

ఈ కేసులో నా కొలత తప్పలేదు. గొలుసు సరిగ్గానే లాగాం, విస్తీర్ణం సెంటుకి సెంటు కలిసింది. అయినా ఆ కొలత పట్టుకుని పంపకం చేసేసి ఉంటే, 1 ఎకరం 37 సెంట్లు రావలసిన ఆడపిల్లకు 32 సెంట్లు మిగిలేవి. అందులో సగం పాపం నాది అయ్యేది. మండల సర్వేయరుగా రిటైరయ్యాక లైసెన్సు మీద ప్రైవేటు కొలతలు చేస్తున్నాను. నాలాగే తిరుగుతున్న కుర్రాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. ఊరు, లైను, మనుషుల పేర్లు చెప్పను. వాళ్లు ముగ్గురు: పెద్దన్న, చెల్లెలు, చిన్నతమ్ముడు. అలాగే పిలుచుకుందాం.

నేల సంగతి

నల్లరేగడి మెట్ట. పత్తి, మిర్చి, గట్ల వెంట కంది. వందేళ్ల పైచిలుకు కిందట ఆ పొలాల మధ్యగా మీటర్ గేజి లైను వేశారు. ఈ కుటుంబం పొలం అప్పుడే రెండు ముక్కలైంది. పడమటి ముక్క పెద్దది, డొంక పక్కన ఉంటుంది. తూర్పు ముక్క కట్టకు అవతల చిక్కుకుపోయింది. లైను వల్ల పొలం చీలిన రైతుకు దాటడానికి దారి, వాన నీళ్లు పోవడానికి తూము కట్టించి ఇవ్వాలన్న నియమం 1890 నాటి రైల్వే చట్టంలోనే ఉంది, 1989 చట్టంలోనూ ఉంది. వీళ్లకూ ఒక దారి, ఒక తూము ఇచ్చారు. ఈ రెండు సంగతులూ చివర్లో మళ్లీ వస్తాయి.

1992లో యూనిగేజ్ పథకం మొదలైంది. వెయ్యి మిల్లీమీటర్ల మీటర్ గేజిని 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజిగా మార్చే పని. పట్టాల మధ్య దూరం పెంచితే సరిపోతుందని బయటివాళ్లు అనుకుంటారు. అసలు చిక్కు మలుపుల దగ్గర వస్తుంది. మీటర్ గేజిలో 16 డిగ్రీల మలుపు దాకా ఒప్పుకుంటారు, బ్రాడ్ గేజిలో 10 డిగ్రీలు దాటకూడదు. డిగ్రీ పెరిగేకొద్దీ మలుపు బిగుస్తుంది. 16 డిగ్రీలంటే వ్యాసార్థం 109 మీటర్లు, 10 అంటే 175. అందుకని బిగుతు మలుపులున్న చోట కొత్త లైనును పక్కకు జరిపి సాఫుగా తీసుకెళ్తారు. పాత కట్ట విల్లులా వంగి ఉండిపోతుంది, కొత్త లైను అల్లెతాడులా దాని ముందు నుంచి పోతుంది. మధ్యలో మిగిలిన నేలను ఎవరూ పట్టించుకోరు.

ఈ ఊళ్లో అదే జరిగింది. 1994లో పాత మలుపు మీద పట్టాలు, స్లీపర్లు ఎత్తేశారు. ఊరివాళ్లు పునాదులకు కట్ట మీది కంకర తోలుకుపోయారు. నాలుగైదు అడుగుల ఎత్తు మట్టికట్ట మిగిలింది, దాని వాలుల్లో సర్కారు తుమ్మ మొలిచింది.

లైను ఎత్తేయడం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది కాకినాడ–కోటిపల్లి. 1928లో వేసి, రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని 1940లో పట్టాలు పీకేశారు. మళ్లీ రైలు నడిచింది 2004లో. లోక్‌సభ స్పీకరుగా ఉన్న బాలయోగి గారు దాని కోసం పట్టుబట్టారు గాని, ఆ రైలు చూడకుండానే 2002లో పోయారు. కేరళలో షోరనూర్–నిలంబూర్ లైనును కూడా యుద్ధానికే 1941లో ఎత్తేసి, 1950ల్లోనే మళ్లీ వేశారు. పదేళ్ల ఖాళీకి, అరవై ఏళ్ల ఖాళీకి నేల మీద చాలా తేడా ఉంటుంది. పదేళ్లలో హద్దురాళ్లు ఎక్కడున్నాయో తెలిసిన మనిషి ఒకడైనా బతికుంటాడు. అరవై ఏళ్ల తర్వాత ఆ రాళ్లు ఎవరింటి అరుగు కిందో ఉంటాయి. నా కేసు ఈ రెండింటికీ మధ్యది, ఇరవై ఎనిమిదేళ్లది.

వాళ్లు వచ్చిన పని

2022 వేసవిలో ముగ్గురూ కలిసే వచ్చారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు, వీలునామా లేదు. రాష్ట్రంలో 2020 చివర్లో రీసర్వే మొదలై డ్రోన్లు, ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు ఒక్కో మండలం చుట్టుకొస్తున్నాయి. ఆ బృందం తమ ఊరికి వచ్చేలోపు ఎవరి ముక్కకు వాళ్లు రాళ్లు పాతుకుంటే మంచిదని పెద్దన్న ఆలోచన. ఆలోచన మంచిదే. పాసు పుస్తకం అడిగితే చిన్నతమ్ముడు హైదరాబాదులో మరిచిపోయి వచ్చానన్నాడు. “నేల ఎక్కడికీ పోదు కదండీ, ముందు కొలవండి” అన్నాడు పెద్దన్న. సరే అన్నాను. ఈ కేసులో నా మొదటి తప్పు ఇదే.

పడమటి ముక్క 3 ఎకరాల 80 సెంట్లు వచ్చింది. తూర్పుది 32 సెంట్లు. మధ్యలో కట్ట. దాని మీద తండ్రి ఏళ్ల తరబడి కంది వేశాడు, ఇప్పుడు పెద్దన్న వేస్తున్నాడు. కట్టకు రెండు వైపులా అక్కడక్కడా పాత పట్టా ముక్కలు నిలువుగా పాతి ఉన్నాయి. తుప్పు పట్టి, మోకాలెత్తున. ఒకదానికి గేదె కట్టేసి ఉంది. “మా ఇనప గుంజ” అంది చెల్లెలు, నేను వంగి చూస్తుంటే. ఆ గుంజల మధ్య వెడల్పు 30 మీటర్ల 48, అంటే సరిగ్గా వంద అడుగులు. వంపు వెంట మధ్యగీత పొడవు 210 మీటర్లు. లెక్క కడితే 1 ఎకరం 58 సెంట్లు.

మొత్తం 5 ఎకరాల 70 సెంట్లు. నేను ఇంకా కాగితం మడవకముందే పెద్దన్న మనసులో లెక్క కట్టేశాడు. తలా 1 ఎకరం 90. పడమటి ముక్క నిలువునా రెండుగా కోస్తే అన్నదమ్ములిద్దరికీ 1.90, 1.90. కట్ట 1.58, దానికి తూర్పు 32 కలిపితే చెల్లెలికి 1.90. ఒక్క సెంటు తేడా లేదు.

ఇంత చక్కగా కలిసిన పంపకం నేను చాలా తక్కువ చూశాను. అసలు అక్కడే నాకు అనుమానం రావాలి. రాలేదు. చెల్లెలు మాత్రం ఒక్క మాట అడిగింది: “అన్నయ్యా, నా ముక్కకు డొంక తగలదు కదా?” “కట్ట మీదనే నడిచి పోవచ్చు, నీదే కదా కట్ట” అన్నాడు. ఆమె ఇంకేం అనలేదు.

ఎఫ్ఎంబీ తీసి చూస్తే

ఇంటికొచ్చి నక్ష గీసే ముందు అలవాటు కొద్దీ ఎఫ్ఎంబీ, అంటే ఒక్కో సర్వే నంబరు కొలతలు గీసి ఉండే సర్కారు పుస్తకం, నకలు తీశాను. పొలం మధ్యగా రెండు వంపు గీతలు, మధ్య వెడల్పు 152 లింకులు. వంద లింకులంటే 66 అడుగులు కాబట్టి 152 లింకులంటే వంద అడుగులే. ఆ గీతల మధ్య ముక్కకు వేరే నంబరు. ఏ నంబరు ఎవరిదో రాసి ఉంచే పాత రిజిస్టరు ఆర్ఎస్ఆర్‌లో ఆ నంబరు ఎదుట రైల్వే అని ఉంది. మర్నాడు తమ్ముడు పాసు పుస్తకం ఫొటో పంపాడు. 3.80, 0.32. మొత్తం 4.12. కట్ట అందులో లేదు.

అంటే న్యాయంగా తలకు 1.37. పెద్దన్న పంపకంలో చెల్లెలికి వచ్చేది 32 సెంట్లు, దానికి తోడు ఎవరో ఒకరోజు నోటీసు తెచ్చి లెమ్మంటే లేవాల్సిన 1.58.

ఆయన తెలిసే చేశాడా? అప్పుడు నాకు తెలియదు, ఇప్పటికీ గట్టిగా చెప్పలేను. పుట్టినప్పటి నుంచి నాన్న దున్నుతూ చూసిన నేల అది. ఆ ఊళ్లో సగం మందికి కట్ట అంటే వాళ్ల కట్టే. పట్టాలు పోయాయి కాబట్టి రైల్వే కూడా పోయిందనుకోవడం దురాశ అనుకోనక్కర్లేదు, కంటికి కనిపించిన దాన్ని నమ్మడం అంతే.

ఏం చేసి చూశాం

ఎఫ్ఎంబీ సంగతి ముందు పెద్దన్నకు ఫోన్ చేసి చెప్పాను. నన్ను పిలిచింది ఆయన, ఫీజు ఇచ్చేదీ ఆయన. ఇది నా రెండో తప్పు, మొదటి దానికన్నా పెద్దది. పంపకం కేసులో మన క్లయింటు పిలిచినవాడు ఒక్కడే కాదు, నేల మీద హక్కున్న వాళ్లందరూ. ఒక్కడికి చెబితే మిగిలినవాళ్లు అది వేరే నోటి నుంచి వింటారు. చెల్లెలు అలాగే వింది. ఐదు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు.

పెద్దన్న వకీలు దగ్గరికి వెళ్లాడు. అడ్వర్స్ పొజెషన్ దావా వేద్దామని ఆలోచన. అంటే, పరుల నేలను బాహాటంగా, అసలు యజమానికి ఎదురుగా, చట్టం చెప్పిన ఏళ్లు ఆపకుండా అనుభవిస్తే హక్కు వస్తుందన్న వాదన. ప్రైవేటు నేలకు 12 ఏళ్లు. ప్రభుత్వ నేలకు 1963 లిమిటేషన్ చట్టం 112వ అధికరణం ప్రకారం 30 ఏళ్లు. ఇలా హక్కు వచ్చినవాడు ఎదురు కేసులో చెప్పుకోవడమే కాదు, తానే దావా వేసి అడగొచ్చని 2019లో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. 1994 నుంచి లెక్కేస్తే 2024కి ముప్పై ఏళ్లు నిండుతాయి. “ఇంకో రెండేళ్లు ఓపిక పడితే చాలు” అని నాతో అన్నాడు.

నాకు ఆ దారి మొదటి నుంచీ నచ్చలేదు. రైల్వే నేల మీద ఆక్రమణలు 1971 నాటి పబ్లిక్ ప్రిమిసెస్ చట్టం కిందికి వస్తాయి. ఎస్టేట్ ఆఫీసరు నోటీసిస్తాడు, ఆయనే విచారించి ఖాళీ చేయమంటాడు. దాని మీద అప్పీలు జిల్లా జడ్జి దగ్గరికే. ఖాళీ చేయించే ఆ వ్యవహారంలో మామూలు సివిల్ కోర్టు వేలు పెట్టకూడదని ఆ చట్టంలోనే ఉంది. రెండేళ్లు చప్పుడు చేయకుండా కూర్చుంటే ముప్పై నిండుతాయేమో గాని, ఆ రెండేళ్లలోనే రీసర్వే రోవరు కట్ట మీదికి వస్తుంది. వచ్చి ఆ ముక్కకు పాత సర్వే నంబరు బదులు వాడే ఎల్‌పీఎం నంబరు ఇచ్చి యజమాని ఎవరో రాస్తుంది. చీకట్లో నడుద్దామనుకునే లోపే దీపం వచ్చేస్తుంది. ఇదంతా చెప్పాను, వినలేదు. వినకపోవడంలో ఆశ్చర్యమేమీ లేదు, 1.58 ఎకరాల విలువ నా ఫీజు కన్నా చాలా ఎక్కువ కదా.

దావాకు అనుభవం రుజువులు కావాలన్నాడు వకీలు. తల్లి ట్రంకుపెట్టె చెల్లెలి ఇంట్లో ఉంది. తండ్రి కాగితాలు అందులో ఉన్నాయని తెలిసి ఆమే పట్టుకొచ్చింది, అన్నకు పనికొస్తాయని. ఆ రోజు నేనూ వకీలు గదిలో ఉన్నాను. పెళ్లి శుభలేఖలు, పిల్లల మార్కుల కాగితాలు, వాటి కింద గుడ్డలో చుట్టిన రసీదుల కట్ట. 1996 నుంచి 2003 వరకు ఏటా ఒకటి. తండ్రి పేరు, గ్యాంగ్‌మన్ అన్న హోదా, పాత లైను కిలోమీటరు నంబరు, సాగు లైసెన్సు ఫీజు.

అన్నదమ్ములకు మొహాలు వెలిగాయి. “చూశారా, నాన్న శిస్తు కట్టాడు” అన్నాడు చిన్నతమ్ముడు. వకీలు ఒక్కో రసీదూ చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

రైల్వేలో ‘గ్రో మోర్ ఫుడ్’ అని పాత పథకం ఒకటుంది. ఖాళీగా ఉన్న రైల్వే నేలను సిబ్బందికి సాగు చేసుకోవడానికి లైసెన్సు మీద ఇస్తారు. తండ్రి గ్యాంగ్‌మన్. తాను పట్టాలు సర్దిన కట్ట మీదనే కంది వేసుకోవడానికి అనుమతి తీసుకుని, ఏటా ఫీజు కట్టాడు. ఆయన ఆక్రమించలేదు, అడిగి తీసుకున్నాడు. అడ్వర్స్ పొజెషన్‌కు ప్రాణం యజమానిని ధిక్కరించడం. అనుమతితో దున్నినవాడు వందేళ్లు దున్నినా ధిక్కరించినట్టు కాదు. లైసెన్సు అతనితోనే పోతుంది, బిడ్డలకు రాదు. ఆయన 2004లో రిటైరయ్యాక లైసెన్సు లేకుండా దున్నాడు కాబట్టి అప్పటి నుంచి కాలం మొదలైందని మొండిగా వాదించినా 2034 దాకా ముప్పై నిండవు.

“ఈ కాగితాలు ఉన్నట్టు మనకు తప్ప ఎవరికి తెలుసు?” అన్నాడు పెద్దన్న, కాసేపయ్యాక. వకీలు ఒప్పుకోలేదు. రసీదు ఇచ్చిన చోట దాని జోడు కూడా ఉంటుందన్నాడు, దాచిపెట్టి దావా వేసే పని తాను చెయ్యనన్నాడు. చెల్లెలు గుడ్డ మళ్లీ చుట్టి పెట్టెలో పెట్టుకుంది. నేను ఆ రోజు గమనించింది ఒకటే, నాన్న నిజాయితీగా ఫీజు కట్టిన సంగతికి ఆ గదిలో సంతోషించింది ఆమె ఒక్కతే.

తర్వాత తహసీల్దారుకు పట్టా కోసం అర్జీ పెట్టారు. అది రెవెన్యూ నేల కాదు కాబట్టి ఇవ్వడానికి వీల్లేదని తిరిగొచ్చింది. ఇది ముందే తెలిసిన సంగతి. ఆపడానికి నేను ప్రయత్నించలేదు, ఒక తలుపు మూసి ఉందని మనిషి తానే తట్టి తెలుసుకుంటే మంచిది.

అప్పుడు ఏం చేశాం

ఈసారి ముగ్గుర్నీ ఒకేచోట కూర్చోబెట్టాను, గేదె పక్కన వేపచెట్టు కింద. ఎఫ్ఎంబీ నకలు, పాసు పుస్తకం, రసీదులు మూడూ మంచం మీద పరిచాను. రిజిస్టరు దస్తావేజు రాయించుకుందామంటే ప్రభుత్వ నేలలు రిజిస్ట్రేషన్ చట్టం 22ఏ నిషేధ జాబితాలో చిక్కుతాయని, కట్ట నంబరు వేస్తే మొత్తం దస్తావేజు ఆగిపోవచ్చని చెప్పాను. పెద్దన్న అందుకు సిద్ధంగానే ఉన్నాడు: “రిజిస్ట్రేషన్ ఎందుకండీ, పెద్దమనుషుల మధ్య పారీఖత్తు రాసుకుంటాం.” అంటే కట్టను ఊరి కాగితం మీద చెల్లెలికి రాసివ్వడం.

వాదించి లాభం లేదనిపించింది. మన పల్లెల్లో పంపకాల తగువు తీర్చే పాత పద్ధతి చీట్లు వెయ్యడం. వాటాలు సమానమని అందరూ ఒప్పుకుంటే ఎవరికి ఏది వచ్చినా ఒకటే కదా. నోటుపుస్తకం కాగితం చింపి మూడు ముక్కలు చేశాను. పెద్దన్న చెప్పిన మూడు వాటాలే రాశాను: పడమర ఉత్తరం 1.90, పడమర దక్షిణం 1.90, కట్టా తూర్పూ కలిపి 1.90. “మీ మనవరాలి చేత తీయిద్దాం, ఎవరికి ఏది వస్తే అది” అన్నాను.

మూడో చీటీ మడుస్తుంటే పెద్దన్న చెయ్యి పట్టుకున్నాడు. “కట్టను చీట్లలో వెయ్యకండి.”

“ఎందుకని?”

“అది... అది వేరే లెక్క కదండీ.”

అంతే. నేను ఒక్క మాట కూడా కలపలేదు. చిన్నతమ్ముడు నేలకేసి చూశాడు. చెల్లెలు లేచి గేదెకు నీళ్లు పెట్టడానికి వెళ్లింది. కట్ట పంపకంలోంచి అక్కడే బయటకు పోయింది. ఈ ఉపాయం ప్రతి చోటా పారదు. ఇక్కడ పారింది ఎందుకంటే పెద్దన్న చెడ్డవాడు కాదు. తన నోటితో తాను అన్నది తాను వినగలిగే మనిషి.

ఇక 4.12ను పంచాలి. అయితే తూర్పు 32 సెంట్లు పడమటి 32 సెంట్లతో సమానం కాదు. అక్కడికి రైల్వే నేల దాటకుండా పోలేరు, బోరు నీళ్లు రావు, వానాకాలం నీళ్లు నిలుస్తాయి. అది తీసుకునేవాడికి ఏదో ఒక ఊరట ఉండాలి. చాలాసేపు బేరం జరిగాక దాన్ని 20 సెంట్ల కింద కట్టడానికి ఒప్పుకున్నారు. అప్పుడు మొత్తం 4 ఎకరాల లెక్క, తలకు 1.33 పైచిలుకు. తూర్పు ముక్క చిన్నతమ్ముడు అడిగి తీసుకున్నాడు. గేదెలు అతనివి, పాక వేసుకుంటానన్నాడు. అతనికి పడమరలో 1.13, మిగతా ఇద్దరికీ 1.33, 1.33, ముగ్గురికీ డొంక తగిలేలా అడ్డంగా కాకుండా నిలువునా కోశాం. భాగపంపకం దస్తావేజు రిజిస్టరైంది.

మిగిలింది దారి. ఇక్కడ ఒక నిర్ణయం కష్టమైంది. రైల్వేకు రాస్తే, ఇన్నాళ్లూ పట్టించుకోని వాళ్లను మనమే పిలిచి కట్ట మీది కంది చూపించినట్టవుతుందని అన్నదమ్ములు భయపడ్డారు. ఆ భయం అర్థం లేనిది కాదు. కానీ రీసర్వే ఎలాగూ వస్తోంది. వాళ్లు వచ్చి చూసినప్పుడు కట్ట దున్నుకుంటున్న ఆక్రమణదారుగా కనిపించడం కన్నా, మా పాత దారి మాకు ఉంచండి అని ముందే అర్జీ పెట్టిన రైతుగా కనిపించడం నయం అన్నాను. నేల అడిగితే కాదంటారు. దారి అడిగితే, అది వాళ్ల ప్లానులోనే ఉంటే, కాదనడానికి వాళ్లకూ కారణం ఉండదు.

సమాచార హక్కు కింద పాత ల్యాండ్ ప్లాను నకలు అడిగాం. వచ్చింది. ఆ మలుపు మీద రైతు దాటే దారి, దానికి ఎనభై అడుగుల దూరంలో తూము, రెండూ చుక్కల గీతలతో ఉన్నాయి. ఆ కాగితం చూసిన రోజు నాకు ఈ కేసు మొత్తంలో మొదటిసారి తేలిగ్గా ఊపిరి ఆడింది. నేల మీద తూము ఎక్కడుందో ఎవరికీ తెలియదు. ప్లాను ప్రకారం కొలిచి, తుమ్మ కొట్టి, రెండడుగులు తవ్వితే రాతి కమాను పైవరస తగిలింది, లోపల మట్టి పూడుకుపోయి. తూర్పు ముక్కలో ఇరవై ఎనిమిదేళ్లుగా నీళ్లు నిలవడానికి కారణం అదే. రైలు తిరిగినన్నాళ్లూ ఎవరో ఒక గ్యాంగ్‌మన్ దాని నోరు శుభ్రం చేసేవాడు. రైలు ఆగిపోయాక నీళ్లు మాత్రం ఆగలేదు.

అర్జీ పెట్టిన కొన్ని నెలలకు రైల్వే సిబ్బంది టేపు తెచ్చి ఉమ్మడిగా కొలిచారు. ఇనప గుంజలు హద్దులే అని తేలింది. మూడు గుంజలు కనబడలేదు, వాటి చోట కొత్త రాళ్లు పాతారు. మిగిలిన వాటికి తెల్లరంగు వేశారు. కట్ట మీద ఇల్లూ పాకా ఏమీ లేవు కాబట్టి నోటీసుల దాకా పోలేదు, సాగు ఆపమని మాత్రం చెప్పారు. ఆ తర్వాత వచ్చిన రీసర్వేలో కట్టకు రైల్వే పేరునే వేరే ఎల్‌పీఎం నంబరు పడింది. దారికి రాతపూర్వక అనుమతి ఇది రాస్తున్న నాటికి ఇంకా రాలేదు. నడవడానికి ఎవరూ అడ్డు చెప్పడం లేదు. తూము పూడిక తీయడానికి కూడా అదే అర్జీలో అడిగాం.

నాకు మిగిలిన ఆలోచనలు

పాసు పుస్తకం చూడకుండా గొలుసు పట్టను. ఇది ఎవరైనా చెబుతారు. నేను అదనంగా చేసేదొకటుంది. పొలంలోకి దిగే ముందు చుట్టుపక్కల వంపు తిరిగిన ఎత్తుగడ్డ ఏదైనా ఉందేమో చూస్తాను. చెరువు కట్ట అయితే ఒక వైపు చెరువు ఉంటుంది. కాలువ గట్టయితే పక్కన కాలువ ఉంటుంది. ఏ పక్కా ఏమీ లేకుండా, వాలు ఒకే తీరుగా, మలుపు చెయ్యి తిరిగినవాడు గీసినట్టు ఉంటే అది రైలు కట్టే. దున్నినప్పుడు నల్ల కంకర రాళ్లు పైకొస్తాయి. రేగడి పొలంలో ఆ రాయి దానంతట అది పుట్టదు.

కాగితం ఉందంటే హక్కు ఉన్నట్టేననుకునే వాళ్లు మనలో చాలామంది. ఏ కాగితమైనా ముందు అడగాల్సింది, ఇది యజమాని రాసిచ్చిందా, యజమాని దగ్గర తీసుకున్నదా అని. ఫీజు రసీదు కట్టినవాడి నిజాయితీకి సాక్ష్యం, యాజమాన్యానికి మాత్రం ఎదురు సాక్ష్యం. శిస్తు రసీదనుకుని, ప్రభుత్వ నేల ఆక్రమించి దున్నినందుకు వేసే బి మెమో జరిమానా రసీదులు జాగ్రత్తగా దాచుకున్న వాళ్లను కూడా నా సర్వీసులో చూశాను.

లైన్ల మూసివేత గురించి ఎక్కువగా మాట్లాడేది బ్రిటన్‌లో. 1963లో బీచింగ్ నివేదిక 2,363 స్టేషన్లు, 8,000 కిలోమీటర్ల లైన్లు మూసేయమంది. అక్కడ చాలా చోట్ల మూసిన లైన్ల నేల ముక్కలు ముక్కలుగా అమ్మేశారు. ఎడిన్‌బరో నుంచి దక్షిణంగా పోయే లైనొకటి 1969లో మూసేస్తే, దాంట్లో 48 కిలోమీటర్లు తిరిగి తెరవడానికి 2015 దాకా పట్టింది. పాత దారిలో ఇళ్లూ రోడ్లూ వచ్చేశాయి మరి. మన దగ్గర అమ్మలేదు, ఉంచుకున్నారు. ఉంచుకున్న సంగతి ఊళ్లో ఎవరికీ గుర్తు లేకుండా ఉంచుకున్నారు. అమ్మేస్తే రైలు తిరిగి రావడం కష్టం. అమ్మకుండా వదిలేస్తే నేల రికార్డులో ఒకరిది, నాగలి కింద మరొకరిది. భారత రైల్వేకు ఉన్న నేల నాలుగున్నర లక్షల హెక్టార్లకు పైనే. అందులో ఇలాంటి విల్లు ముక్కలు ఎన్ని కుటుంబాల పంపకాల మధ్య ఇరుక్కుని ఉన్నాయో అనిపిస్తుంది. నా మటుకు నాకు ఉంచుకోవడమే మేలనిపిస్తుంది, ఏడాదికోసారి ఒక మనిషి ఆ కట్ట మీద నడిచి హద్దులు చూసేటట్టయితే.

మొన్న ఆ దారినే పోతూ ఆగాను. కట్ట మీద ఈసారి కంది లేదు. చెల్లెలు తన ముక్క కౌలుకిచ్చింది, పత్తి మోకాలెత్తు వచ్చింది. చిన్నతమ్ముడు తూర్పున పాక వేసి, దాని ముందు కొత్తగా కొయ్య గుంజ పాతాడు. గేదె మాత్రం ఇంకా తెల్లరంగు వేసిన ఇనప గుంజకే కట్టేసి ఉంది. హద్దుకు కట్టావేమయ్యా అంటే నవ్వాడు. “గేదె ఉన్నన్నాళ్లూ దాన్ని ఎవరూ పీకరు కదండీ సర్వేయరు గారూ” అన్నాడు.